ఆటోనగర్‌లో 7 ఏళ్ళ 8 నెలలు పనిచేశా, నోటి మాటతో తీసేశారు, రాజీనామా రాసిస్తే 25 వేలు ఇస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

పటమట_శ్రీను

అందరికీ నమస్కారమండి. కొంచెం పొడుగ్గా అవుద్ది, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీలు, టిప్పర్లు రిపేర్ చేసే ఒక పెద్ద వర్క్‌షాప్‌లో స్పేర్ పార్ట్స్ స్టోర్ చూసేవాడిని. 2018 జనవరి 8న చేరా, పోయిన సెప్టెంబర్ 30న తీసేశారు. అంటే 7 ఏళ్ళ 8 నెలల పైనే. మొత్తం 34 మందిమి ఉండేవాళ్ళం. జీతం 23,400, అందులో బేసిక్, డీఏ కలిపి 15,600 అని స్లిప్‌లో ఉంటది, పీఎఫ్ కట్ అవుద్ది.

ఆ రోజు దసరాకి ఇంక రెండ్రోజులే ఉంది. ఆయుధ పూజ అంటే ఆటోనగర్‌లో ఎట్టా చేస్తారో తెలిసిందే కదా. పొద్దున్నే వెళ్ళి ర్యాకులన్నీ దులిపించి, బేరింగుల డబ్బాలు, క్లచ్ ప్లేట్లు వరస పెట్టించి, కాటాకి కూడా పసుపు రాయించా. పదకొండున్నరకి చిన్న ఓనర్ గారు క్యాబిన్‌లోకి పిలిచి, బిజినెస్ డల్‌గా ఉంది శ్రీనూ, రేపట్నుంచి రావద్దు, ఇదిగో ఈ పేపర్ మీద సంతకం పెట్టి 25 వేలు తీసుకెళ్ళు అన్నారు. పేపర్ ముందే టైపు కొట్టించి ఉంది, "నా సొంత కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా చేయుచున్నాను, కంపెనీ నుండి నాకు రావలసిన బాకీలు ఏమియు లేవు" అని, కింద రెవెన్యూ స్టాంపు కూడా అంటించేశారు. నేను రాజీనామా చేయట్లేదు కదా సార్, మీరే కదా వద్దంటున్నారు అన్నా. గంటన్నర కూర్చోబెట్టారు. పెట్టలేదు. స్టోర్ తాళాలు టేబుల్ మీద పెట్టి వచ్చేశా. బందర్ రోడ్డు ఎక్కేలోపే వాట్సాప్ గ్రూపులోంచి కూడా తీసేశారు. టర్మినేషన్ లెటర్ లేదు, నోటీసు లేదు, సెప్టెంబర్ జీతం కూడా ఇంతవరకు పడలేదు. పూజకి అన్నీ సర్దింది నేను, ఆ పూజ నాడు ఇంట్లో కూర్చున్నా. మా పాప నాన్నా ఇవాళ వర్క్‌షాప్‌కి వెళ్ళవా, పులిహోర తేవా అంటే ఏం చెప్పాలో తెలీలేదు.

అప్పట్నుంచి ఫోన్ చేస్తే ఇదిగో అదిగో అంటూ తిప్పారు, ఇప్పుడు సంక్రాంతి కూడా వచ్చేసింది. మొన్న వెళ్తే అకౌంట్స్ ఆయన మూడు మాటలు చెప్పాడు. ఒకటి, నీ ఐడీ కార్డు మీద "స్టోర్స్ మేనేజర్" అని ఉంది, మేనేజర్లకి లేబర్ చట్టం వర్తించదు. రెండు, రాజీనామా ఇవ్వకపోతే గ్రాట్యుటీ రాదు. మూడు, ఎక్కువ మాట్లాడితే స్టాకులో 1,80,000 తేడా ఉందని కేసు పెడతాం. నా చేతిలో ఒక్క నట్టు కూడా తేడా రాలేదండి, మార్చిలో ఆడిట్ జరిగింది, అప్పుడు అంతా సరిపోయింది.

ఇంకో సంగతి, బిజినెస్ డల్ అని నన్ను తీసిన మూడు వారాలకే నా ప్లేస్‌లో ఒక కుర్రాడిని 14 వేలకి పెట్టుకున్నారంట, పాత మెకానిక్ చెప్పాడు.

నాకు రావాల్సింది అసలు ఎంత? ఆ 25 వేలు తీసుకోవాలా వద్దా? ఇంటద్దె రెండు నెలలది బాకీ ఉంది.

---

బెజవాడ_రవాణా

శ్రీను అన్నా, నేను చెప్పేది నచ్చకపోవచ్చు కానీ చెప్తున్నా. నేను కూడా అక్కడే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో చేస్తా. ఆ 25 వేలు తీసుకుని బయటపడు. లేబర్ ఆఫీసు, కోర్టు అంటూ తిరిగితే చెప్పులు అరుగుతయ్. ఆటోనగర్‌లో ఓనర్లందరూ ఒకరికొకరు తెలుసు, రేపు ఇంకో షాపులో పని అడిగితే అతను కేసులు వేసేవాడు అని చెప్పుకుంటారు. పిల్లలు ఉన్నారు, అద్దె ఉంది అంటున్నావ్. ఆలోచించు.

---

గుంటూరు_మిల్లు_సుబ్బారావు

పైన రాసిన తమ్ముడు మంచి మనసుతోనే చెప్పాడు, ఆకలి ముందు చట్టం గుర్తు రాదు, నాకు తెలుసు. కానీ శ్రీనూ, ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు నాయనా. చూసినవాడిని కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

నేను గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేమ్ సెక్షన్‌లో 14 ఏళ్ళు చేశా. 2009లో 12 మందిని ఒకేసారి గేటు దగ్గర ఆపేశారు. మాలో ఏడుగురు ఇట్లాంటి కాగితం మీదే సంతకాలు పెట్టి తలా 30 వేలు పట్టుకెళ్ళారు. మిగతా ఐదుగురం పెట్టలేదు. తర్వాత ఆ ఏడుగురిలో ఇద్దరు మాతో పాటు కేసు వేద్దామని వచ్చారు, బలవంతంగా రాయించుకున్నారు అని చెప్పారు. బలవంతం అని రుజువు చేయాల్సింది వాళ్ళే అయింది. సాక్ష్యం చెప్పడానికి లోపల పనిచేసేవాడు ఎవడూ రాలేదు, వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళకి కావాలి కదా. వాళ్ళది నిలబడలేదు.

మేం ఐదుగురం గుంటూరు లేబర్ కోర్టుకి వెళ్ళాం. అవును, టైం పట్టింది, అబద్ధం చెప్పను, 2013లో అవార్డు, అంటే లేబర్ కోర్టు తీర్పు వచ్చింది, పనిలోకి తీసుకోమని. మిల్లు వాళ్ళు హైకోర్టుకి వెళ్ళారు, అప్పుడు హైకోర్టు హైదరాబాద్‌లో ఉండేది, పోయి రావడానికే రెండ్రోజులు. (ఇప్పుడు మనకి అమరావతి నేలపాడులోనే, 2019 నుంచి, మీకు ఆ కష్టం లేదు.) అప్పుడు మా లాయర్ గారు 17బి అని ఒక పిటిషన్ వేశారు. పనిలోకి తీసుకోమన్న అవార్డు మీద మేనేజ్‌మెంట్ పై కోర్టుకి వెళితే, ఆ కేసు నడిచినన్నాళ్ళు చివర తీసుకున్న జీతం నెల నెలా కార్మికుడికి ఇవ్వాలి, అతను వేరేచోట పనిలో లేకపోతే. ఆ ఆర్డర్ వచ్చాక మిల్లు వాళ్ళే రాజీకి వచ్చారు. పని ఇవ్వకుండా జీతం ఇవ్వడం వాళ్ళకి గిట్టలేదు మరి.

మమ్మల్ని నిలబెట్టింది ఏంటంటే కాగితాలు. మా ఆవిడ ప్రతి నెలా జీతం చీటీ బియ్యం డబ్బా వెనకాల ఒక మేకుకి గుచ్చేది, పద్నాలుగేళ్ళవి. అవి తీసుకెళ్ళి కోర్టులో పెడితే అవతలి లాయర్ ఇంక పని రోజుల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఏడాదిలో 240 రోజులు (చట్టం లెక్కలో అదే ఏడాది సర్వీసు) పనిచేశానని చూపించాల్సిన బాధ్యత మన మీదే ఉంటదిరా అబ్బాయ్, ఓనర్ మీద కాదు. నీకు పీఎఫ్ కట్ అయింది అన్నావు కదా, పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో వస్తది, ఈ రోజే డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసిపెట్టుకో. 2018 నుంచి నెల నెలా ఎంట్రీ కనపడతది, అంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంది.

ఇంకోటి. నువ్వు ముందు వాళ్ళకి ఒక లెటర్ రాయి. "30-9-2025న నన్ను నోటి మాటతో పనిలోకి రావద్దన్నారు, నేను రాజీనామా చేయలేదు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను, పనిలోకి తీసుకోండి లేదా చట్టప్రకారం రావాల్సినవి ఇవ్వండి" అని, అంతే, తిట్లు వద్దు, కథలు వద్దు. లేకపోతే రేపు వాళ్ళు ఏమంటారంటే, మేం తీసేయలేదు, వాడే రావడం మానేశాడు అంటారు. మా మిల్లు వాళ్ళు అదే అన్నారు. పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపు, ఇప్పుడు రిజిస్టర్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులోనే కలిపేశారు, కౌంటర్లో అడిగితే చెప్తారు. వాళ్ళు తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవర్ చింపకు. పోస్ట్‌మ్యాన్ "తిరస్కరించారు" అని రాసి సంతకం పెట్టిన కవర్ అట్లాగే అంటించి ఉన్నది కోర్టులో తెరవాలి. నా కవర్ని జడ్జి గారి ముందే తెరిచారు, నాలుగేళ్ళు బీరువాలో ఉంది అది.

---

లేబర్_లా_గుంటూరు

శ్రీను గారూ, నేను లేబర్ కేసులు చూస్తాను. సుబ్బారావు గారు చెప్పిన లెటర్ సంగతి నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, అది మొదటి పని. మిగతావి ఒక్కోటి చెప్తా.

ముందు లెక్క. మీ టర్మినేషన్ సెప్టెంబర్ 30, 2025 కాబట్టి మీ హక్కు పాత చట్టం కింద, అంటే పారిశ్రామిక వివాదాల చట్టం 1947 కింద పుట్టింది. అందులో సెక్షన్ 25ఎఫ్ ప్రకారం ఏడాది కంటిన్యూగా పనిచేసిన వర్క్‌మ్యాన్‌ని (అంటే చట్టం దృష్టిలో కార్మికుడిని), తప్పు చేశాడని కాకుండా ఇంకే కారణంతో తీసేసినా, నెల రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. దాంతో పాటు పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం కాంపెన్సేషన్. ఆరు నెలలు దాటిన ముక్క ఏడాది కూడా ఒక ఏడాది కిందే లెక్క, మీవి 7 ఏళ్ళ 8 నెలలు కాబట్టి 8 ఏళ్ళు. సగం నెల జీతం 11,700, ఎనిమిదితో గుణిస్తే 93,600. నోటీసు జీతం 23,400. ఈ రెండూ కలిపి 1,17,000.

గ్రాట్యుటీ వేరు. దానికి బేసిక్, డీఏ మాత్రమే చూస్తారు, 15,600ని 26తో భాగించి 15తో గుణిస్తే 9,000, ఇంటూ 8 అంటే 72,000. సెప్టెంబర్ జీతం 23,400. మొత్తం 2,12,400 అయింది. వాడుకోకుండా మిగిలిన ఈఎల్స్ (ఎర్న్‌డ్ లీవులు) ఉంటే ఆ డబ్బు అదనం. వాళ్ళు ఇస్తానంటున్నది 25,000. అందులో మీ సెప్టెంబర్ జీతమే 23,400 ఉంది, అంటే మీ ఎనిమిదేళ్ళకి వాళ్ళు కట్టిన వెల 1,600 రూపాయలు. ఇది చదివి నాకు నిజంగా బాధేసింది.

రాజీనామా ఎందుకు అడుగుతున్నారో ఇప్పుడు అర్థమైందా. రాజీనామా చేస్తే అది రిట్రెంచ్‌మెంట్ (ఓనరే పనిలోంచి తీసేయడం) కాదు, నోటీసు జీతం, కాంపెన్సేషన్ కలిపి ఆ 1,17,000 ఒక్క సంతకంతో పోతయ్. గ్రాట్యుటీ మాత్రం రాజీనామా చేసినా, తీసేసినా, ఐదేళ్ళు నిండితే ఇవ్వాల్సిందే, కాబట్టి అకౌంట్స్ ఆయన చెప్పిన రెండో మాట తప్పు. ఫారం-ఐ నింపి ఇవ్వండి. ముప్పై రోజుల్లో అప్లై చేయాలని ఉంది కానీ ఆలస్యమైందని హక్కు పోదు. గ్రాట్యుటీ అయితే మీరు పని మానిన రోజు నుంచి 30 రోజుల్లో వాళ్ళు ఇవ్వాలి, దాటితే 10 శాతం వడ్డీ. ఇవ్వకపోతే ఫారం-ఎన్ తో కంట్రోలింగ్ అథారిటీ దగ్గరికి వెళ్ళాలి, లేబర్ డిపార్ట్‌మెంట్ ఆఫీసరే ఆ పని చూస్తారు.

ఇప్పుడు మేనేజర్ సంగతి. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే పది మందిలో సగం మంది కార్డు మీద మేనేజర్, ఎగ్జిక్యూటివ్, ఇన్‌ఛార్జ్ అని ఉంటది. పేరు కాదు, రోజంతా ప్రధానంగా చేసే పని ఏంటన్నదే కోర్టు చూస్తది. మీరు ఎవరికైనా లీవు శాంక్షన్ చేశారా? ఎవరినైనా పనిలో పెట్టుకునే, తీసేసే అధికారం ఉందా? ఎంత రేటుకి ఎక్కడ కొనాలో మీరు నిర్ణయించేవారా? లేక మెకానిక్ చీటీ తెస్తే సామాను ఇచ్చి, బిన్ కార్డు (ర్యాకులో ఒక్కో సామాను ఎంత వచ్చింది, ఎంత పోయింది రాసే కార్డు) మీద రాసి, సాయంత్రం కంప్యూటర్లో ఎక్కించేవారా? రెండోది అయితే అది క్లర్కు పని, మీరు వర్క్‌మ్యాన్. మీ చేతి రాత ఉన్న ఇష్యూ స్లిప్పులు, బిన్ కార్డుల ఫోటోలు ఫోన్‌లో ఉంటే జాగ్రత్త చేయండి. వాట్సాప్‌లో "శ్రీను, రెండు బ్రేక్ లైనింగులు పంపు" అని వచ్చిన మెసేజులు కూడా సాక్ష్యమే, గ్రూపులోంచి తీసేసినా పాత చాట్ మీ ఫోన్‌లో ఉంటది, ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో పెట్టుకోండి, ఫోన్ పోతే అన్నీ పోతయ్.

స్టాకు తేడా బెదిరింపు. నిజంగా తేడా ఉందనుకుంటే ఛార్జ్‌షీట్ ఇవ్వాలి, మీ సంజాయిషీ తీసుకోవాలి, ఎంక్వైరీ పెట్టి మీ మాట వినాలి. వినకుండా ఉద్యోగం తీసేయడం సహజ న్యాయానికి విరుద్ధమని సుప్రీంకోర్టు డి.కె. యాదవ్ కేసులో 1993లోనే చెప్పింది. అట్లాగని మీరు నిశ్చింతగా కూర్చోకూడదు. ఎంక్వైరీ చేయకపోయినా లేబర్ కోర్టులో సాక్ష్యం పెట్టి తప్పు రుజువు చేసుకునే అవకాశం మేనేజ్‌మెంట్‌కి ఉంటది. కాబట్టి మార్చి ఆడిట్ కాపీ, కనీసం మెయిల్ అయినా, మీ దగ్గర ఉండేట్టు చూసుకోండి. బిజినెస్ డల్ అని తీసేసి ఇప్పుడు దొంగతనం అనడమే వాళ్ళ కేసుకి బలహీనత, ఆ మాట ఎవరు ఏ తేదీన అన్నారో ఇవాళే ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.

14 వేలకి కుర్రాడిని పెట్టుకోవడం ముఖ్యమైన పాయింట్. రిట్రెంచ్ చేసిన తర్వాత మళ్ళీ ఎవరినైనా తీసుకోవాలంటే ముందు తీసేసినవాడికే అవకాశం ఇవ్వాలి, సెక్షన్ 25హెచ్. ఆ కుర్రాడు ఏ తేదీన చేరాడో తెలుసుకోండి, ఆ మెకానిక్‌ని మాత్రం ఇరికించకండి.

25ఎఫ్‌లో చాలామందికి తెలియనిది ఒకటుంది. ఆ డబ్బులు తీసేసే సమయానికే చేతిలో పెట్టాలి, తర్వాతెప్పుడో ఇస్తాం అంటే చెల్లదు. ఇది తీసేయడానికి ముందు షరతు అని సుప్రీంకోర్టు 1960లో హాస్పిటల్ మజ్దూర్ సభ కేసులోనే చెప్పింది. అది పాటించలేదు కాబట్టి మీరు కేవలం డబ్బు కాదు, ఉద్యోగమే మళ్ళీ అడగొచ్చు, ఖాళీగా ఉన్న కాలానికి వెనకటి జీతం కూడా అడగొచ్చు (2013లో దీపాలి గుండు సుర్వాసే కేసు చూడండి, తప్పుగా తీసేస్తే వెనకటి జీతం ఇవ్వడమే సాధారణ పద్ధతి అన్నారు. కానీ ఈ మధ్యలో వేరే ఉద్యోగం లేదని మీరు చెప్పుకోవాలి). నిజాయితీగా చెప్పాలంటే ఈ రోజుల్లో కోర్టులు చాలా కేసుల్లో మళ్ళీ పనిలోకి అనకుండా ఒక మొత్తం ఇప్పించి ముగిస్తున్నాయి. అయినా అడగాల్సింది మాత్రం ఉద్యోగమే.

దారి ఏంటంటే లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు ముద్ర వేయించుకోండి. వాళ్ళు ఇద్దరినీ జాయింట్ మీటింగ్‌కి పిలుస్తారు. తెగకపోతే 45 రోజుల తర్వాత మీరే నేరుగా లేబర్ కోర్టులో వేసుకోవచ్చు, ప్రభుత్వం రిఫర్ చేసేదాకా ఆగక్కర్లేదు. మన ఏపీలో ఈ వెసులుబాటు 1987 నుంచే ఉంది, దేశమంతటికీ 2010లో వచ్చింది.

ఇంకో మాట. 2025 నవంబర్ 21 నుంచి పాత లేబర్ చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టంలో మీకు మూడేళ్ళ గడువు ఉండేది, కొత్త కోడ్‌లో రెండేళ్ళే, కాబట్టి ఆ లెక్కలోకి పోకుండా ఈ నెలలోనే మొదలుపెట్టండి. నవంబర్ 21 తర్వాత తీసేసినవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, నెల నోటీసు, ఏడాదికి 15 రోజులు అన్నది కొత్త దాంట్లో కూడా ఉంది, దానిమీద రీస్కిల్లింగ్ ఫండ్ అని ఇంకో 15 రోజుల జీతం ఓనర్ కట్టాలి, అది కార్మికుడి ఖాతాలో 45 రోజుల్లో పడాలి. తీసేసినా, రాజీనామా చేసినా జీతం బాకీ రెండు పని దినాల్లో ఇవ్వాలి. ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్ట్ వాళ్ళకి ఏడాది చేసినా గ్రాట్యుటీ వస్తది. సూపర్‌వైజర్ పని చేసేవాళ్ళు కార్మికుల కింద లెక్కకి రావడానికి జీతం హద్దు 10,000 నుంచి 18,000 అయింది. కానీ ఫ్యాక్టరీల్లో మనుషుల్ని తీసేయడానికి ప్రభుత్వం అనుమతి తీసుకోవాలన్న రూలు 100 మంది నుంచి 300 మందికి పెంచారు, అది మాత్రం కార్మికులకి నష్టమే అని నా అభిప్రాయం.

---

బెజవాడ_రవాణా

లాయర్ గారూ, 1,600 అన్న లెక్క చూసి నేను రాసింది తప్పనిపించింది. శ్రీను అన్నా, సారీ, ఆ డబ్బులు తీసుకోమాక. మా ఆఫీసులో బిల్టీలు (లారీ సరుకు రసీదులు) రాసే పని ఖాళీ ఉంది, జీతం 13 వేలే, కేసు తెగేదాకా కావాలంటే మా ఓనర్ గారితో మాట్లాడతా. కానీ లాయర్ గారూ, ఈలోగా అన్న వేరేచోట చేస్తే కేసుకి దెబ్బా?

---

లేబర్_లా_గుంటూరు

చేసుకోనివ్వండి, పిల్లల్ని పస్తు పెట్టి కేసు నడపమని ఏ కోర్టూ అనదు. వేరేచోట సంపాదించినంత వెనకటి జీతంలో తగ్గుతది, అంతే. దాచిపెట్టి ఖాళీగా ఉన్నా అని అఫిడవిట్ వేస్తేనే ఇబ్బంది. గ్రాట్యుటీకి దీనితో సంబంధమే లేదు.

---

అరండల్‌పేట_లెక్చరర్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నేను గుంటూరులో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని, 9 ఏళ్ళు. అడ్మిషన్లు తగ్గాయని మార్చిలో ఇంటర్ పరీక్షలు అయిపోగానే వచ్చే ఏడాది అవసరం లేదు మేడం అన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ళ దగ్గరే ఉన్నాయి. మాకు కూడా ఈ 25ఎఫ్ వస్తదా?

---

లేబర్_లా_గుంటూరు

మేడం, 25ఎఫ్ రాదు. పాఠం చెప్పేవాళ్ళు వర్క్‌మ్యాన్ నిర్వచనంలోకి రారని సుప్రీంకోర్టు 1988లో సుందరాంబాళ్ కేసులో చెప్పింది, నాకు ఆ తీర్పు ఎప్పుడూ కష్టంగానే ఉంటది కానీ చట్టం అదే. అయితే రెండు దారులున్నయ్. ఒకటి గ్రాట్యుటీ. టీచర్లకి కూడా వర్తిస్తదని 2009లో చట్టం సవరించారు, 1997 ఏప్రిల్ 3 నుంచి అమలయ్యేలా. ప్రైవేటు స్కూళ్ళ వాళ్ళు దాన్ని కొట్టేయమని సుప్రీంకోర్టు దాకా వెళితే 2022 ఆగస్టులో కోర్టు ఆ సవరణని సమర్థించింది. మీ 9 ఏళ్ళ గ్రాట్యుటీ మీ హక్కు, అడగండి. రెండోది, ఏపీ విద్యా చట్టం 1982 ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలో ఉద్యోగిని విచారణ లేకుండా తొలగించకూడదు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ పట్టుకుని ఎవరైనా లాయర్ని కలవండి. సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే హక్కు వాళ్ళకి లేనే లేదు, రాతపూర్వకంగా అడిగి, ఇవ్వకపోతే పోలీసు కంప్లైంట్ ఇవ్వండి.

---

బీసెంట్‌రోడ్_లక్ష్మి

సార్ నేను బట్టల షోరూంలో సేల్స్‌లో చేశా, 10 నెలలు, ఏడాది కూడా కాలేదు, పండగ సీజన్ అవ్వగానే మానేయమన్నారు. నాకేమన్నా ఉంటదా?

---

లేబర్_లా_గుంటూరు

ఉంటదమ్మా. షాపులకి మన రాష్ట్రంలో వేరే చట్టం ఉంది, 1988 నాటి ఏపీ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం. సెక్షన్ 47 చూడు, ఆరు నెలలు ఆపకుండా పనిచేసినవాళ్ళని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి అర్జీ పెట్టు. నువ్వు ఆడపిల్లవి కాబట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో లాయర్ని ఉచితంగా ఇస్తారు, ఆదాయం ఎంతన్నది కూడా చూడరు. శ్రీను గారూ, మీక్కూడా ఇది వర్తిస్తది, 1987 నాటి న్యాయసేవల చట్టంలో ఆడవాళ్ళు, ఎస్సీ ఎస్టీలతో పాటు ఇండస్ట్రియల్ వర్క్‌మ్యాన్ అని కూడా ఉంది. కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటది.

---

పటమట_శ్రీను

అందరికీ దండాలండి. ఏం జరిగిందో చెప్దామని వచ్చా.

సుబ్బారావు బాబాయ్ చెప్పినట్టే లెటర్ రాశా, నాలుగు లైన్లే. మొదటిది తిప్పి పంపేశారు, కవర్ మీద పోస్ట్‌మ్యాన్ రాత ఉంది, చింపలేదు, మా ఆవిడ చీరల మధ్యలో పెట్టింది. గ్రాట్యుటీ ఫారం మాత్రం తీసుకున్నారు, అది వేరే కవర్లో పంపా. పీఎఫ్ పాస్‌బుక్ తీశా, 2018 ఫిబ్రవరి నుంచి మొదలైంది, మొదటి నెలది కట్టలేదు అని ఇప్పుడే తెలిసింది.

లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చా. నిన్న జాయింట్ మీటింగ్ అయింది. వాళ్ళ తరఫున అకౌంట్స్ ఆయన, ఒక లాయర్ గారు వచ్చారు. వాళ్ళు నేనే రావడం మానేశా అన్నారు, నేను కవర్ చూపించా. మేనేజర్ అన్నారు. అప్పుడు ఆఫీసర్ గారు ఈయన కింద ఎంతమంది పనిచేసేవారు అని అడిగారు. అకౌంట్స్ ఆయన ఏం మాట్లాడలేదు. నేను ఫోన్‌లో బిన్ కార్డుల ఫోటోలు చూపించా, గేర్ బాక్స్ బేరింగ్ కార్డు ఒకటి ఉంది, దానిమీద ఆరేళ్ళు నా ఒక్కడి చేతిరాతే, సంతకం గడిలో మాత్రం ప్రతిసారి చిన్న ఓనర్ గారిదే. ఆఫీసర్ గారు దాన్ని పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు. స్టాకు తేడా సంగతి వాళ్ళు అసలు ఎత్తనే లేదు.

బయటికి వచ్చాక వరండాలో అకౌంట్స్ ఆయన గ్రాట్యుటీ, సెప్టెంబర్ జీతం ఇచ్చేస్తాం, మిగతాది వదిలెయ్ అన్నాడు. వదలను అన్నా. వచ్చే నెల 10న మళ్ళీ వాయిదా వేశారు. బిల్టీలు రాసే పనికి సోమవారం నుంచి వెళ్తున్నా, తమ్ముడూ, నీ మేలు మర్చిపోను.

లాయర్ గారూ, ఒక్క డౌటు. గ్రాట్యుటీ చెక్కు ఇస్తే తీసుకోవచ్చా? తీసుకునేటప్పుడు మళ్ళీ బాకీలు ఏమీ లేవు అని ఏదైనా రాసి సంతకం పెట్టమంటే?

---

లేబర్_లా_గుంటూరు

తీసుకోండి, అది మీ డబ్బు. సంతకం పక్కన మీ చేత్తో "గ్రాట్యుటీ మాత్రమే అందినది, మిగతా హక్కులకు భంగం లేకుండా" అని రాసి తేదీ వేయండి, ఆ కాగితానికి ఫోటో తీసుకున్నాకే తిరిగి ఇవ్వండి. అట్లా రాయనివ్వం అంటే చెక్కు అక్కడే పెట్టి వచ్చేయండి, వడ్డీతో సహా ఆఫీసర్ గారి దగ్గరే తీసుకుందాం. చెక్కు మీద 72,000కి ఒక్క రూపాయి తక్కువున్నా నాకు ఫోటో పంపండి. 10వ తేదీకి బిన్ కార్డుల ఫోటోలు రెండేసి ప్రింట్లు తీయించి తీసుకురండి, ఫోన్ చూపిస్తే రికార్డులో ఉండదు.